బ్యాటరీ కొత్తదే, బండి మాత్రం మళ్లీ కిక్కుకే: బైక్ ఛార్జింగ్ సమస్యపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మెకానిక్‌ను కాను. హన్మకొండలో ఇంటి ముందు బండికి స్టాండ్ వేసి, రెండు బ్యాటరీలు దండుగ చేసుకున్న తర్వాత మీటర్ పట్టడం నేర్చుకున్నవాణ్ని. అప్పటి నుంచి చుట్టాలు, కాలనీవాళ్లు బండ్లు తెచ్చి అడుగుతూనే ఉన్నారు. తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటున్నది. బ్యాటరీ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు. లేదా ఛార్జింగ్ ఎక్కక ఖాళీ అయి ఉండొచ్చు. నల్లా రాకపోతే బిందె మారిస్తే నీళ్లు వస్తాయా? కానీ మన దగ్గర మొదట మారేది బిందే. ఎందుకంటే బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని, లోపం వెతకడానికి ఒక పూట పడుతుంది. కొత్త బ్యాటరీ షాపు నుంచి ఛార్జ్ అయి వస్తుంది కాబట్టి వారం పది రోజులు బండి బాగానే నడుస్తుంది, మనం నమ్ముతాం. తర్వాత అదే టక్ టక్.

మీటర్ తీయకముందే ఒక్క పని చేయండి. బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు చేత్తో కదిలించి చూడండి. వదులుగా ఉన్నా, తెల్లగా ఉప్పు పట్టినా ఇదే శబ్దం వస్తుంది. నా దగ్గరికి వచ్చిన బండ్లలో కొన్ని స్క్రూడ్రైవర్ తిప్పుడుతోనే బాగయ్యాయి. వాళ్లతో చాయ్ తాగి పంపించడం తప్ప ఏం మిగల్లేదు.

అసలు బండిలో కరెంటు ఎక్కడ పుడుతుంది?

చాలా బండ్లలో ఇంజిన్ ఎడమ పక్క కవర్ లోపల. క్రాంక్ చివర ఒక మాగ్నెట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతుంటుంది. దాని మధ్యలో రాగి తీగ చుట్టిన ప్లేట్ కదలకుండా ఉంటుంది. అదే స్టేటర్. షాపులో మాగ్నెట్ కాయిల్, కాయిల్ ప్లేట్ అన్నా ఇదే. ఇక్కడ పుట్టేది ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు), బ్యాటరీకి కావాల్సింది డీసీ (ఒకే దిశలో పోయేది). ఇంజిన్ వేగం పెరిగితే వోల్టేజీ కూడా పెరిగిపోతుంది. ఆ ఏసీని డీసీ చేసి, 14 వోల్టుల చుట్టుపక్కల పట్టి ఉంచేది ఆర్‌ఆర్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) యూనిట్. అల్యూమినియం రెక్కలున్న చిన్న డబ్బా. సీటు కిందో, హెడ్‌లైట్ వెనకో, ఫ్రేమ్ ముందు గొట్టానికో బిగించి ఉంటుంది.

చాలా బండ్లలో ఉండేది షంట్ రకం ఆర్‌ఆర్ యూనిట్. బ్యాటరీకి అక్కర్లేని కరెంటును అది కాయిల్‌కే షార్ట్ చేసి వేడిగా ఖర్చు చేస్తుంది. అంటే మీరు లైట్లు ఆపినా వెలిగించినా కాయిల్ మాత్రం ఎప్పుడూ ఫుల్లు డ్యూటీలోనే. "లైట్ బంద్ చేసి నడిపితే కాయిల్‌కు రెస్టు" అనే మాట ఈ రకం బండ్లకు వర్తించదు. డబ్బా ముట్టుకుంటే చురుక్కుమనడం కూడా దానికి మామూలే, అది ఒక్కటే చూసి మార్చేయకండి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ములో తిరిగే బండ్లకు మాత్రం ఆ రెక్కల మధ్య మసి గడ్డకట్టి వేడి బయటికి పోదు. నెలకోసారి బ్రష్షుతో దులపండి.

ఏ మీటర్ కొనాలి?

ఎలక్ట్రికల్ షాపులో 300, 400 రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టులు, ఏసీ 200 వోల్టులు, ఓమ్స్ 200, డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) గుర్తు ఉంటే సరి. బ్యాటరీ కంటే చాలా అగ్గువ.

మీటర్ ఉంది. మొదట ఏం కొలవాలి?

బ్యాటరీ టెర్మినల్స్ మీదే మూడు కొలతలు. ఈ మూడింటితో దారి సగం తెలిసిపోతుంది.

మొదటిది, రాత్రంతా బండి ఆగి ఉన్న తర్వాత పొద్దున్నే తాళం తిప్పకముందు. మీటర్ డీసీ 20 మీద పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే ఖాళీ కింద లెక్క. ఛార్జ్ చేసినా మళ్లీ 10.5 దగ్గరికే వచ్చి ఆగుతుంటే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయిందని అర్థం చేసుకోవచ్చు. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కాబట్టి లెక్క సరిపోతుంది. దానికి మందు లేదు, బ్యాటరీ మార్చాల్సిందే.

రెండోది, సెల్ఫ్ నొక్కుతూ చూడండి. అంకె పడుతుంది, పడాలి కూడా. 10 కంటే పైన నిలబడితే మంచిదే. ఆగి ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ నొక్కగానే 7కో 8కో జారిపోతే బ్యాటరీ లోపల దమ్ము లేదు. పైకి బాగా కనిపించి మోసం చేసే బ్యాటరీలు ఇవే. అందుకే మొదటి కొలత ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు.

మూడోది అసలైనది. బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వెలుగుతుండగా, రేస్ 4000, 5000 ఆర్‌పీఎం దాకా పెంచి చూడండి. ఆర్‌పీఎం మీటర్ లేని బండికి గంటకు 50 కిలోమీటర్ల మీద పోయేటప్పుడు వచ్చే ఇంజిన్ శబ్దం గుర్తు. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. ఇక్కడ బాగుండి మొదటి రెండు కొలతల్లో తేడా ఉంటే తప్పు బ్యాటరీది, లేదా బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు తాగుతున్న దానిది. రేస్ పెంచినా 12.3, 12.5 దగ్గరే ఉంటే బ్యాటరీకి అన్నం అందడం లేదు. 15 దాటితే ఎక్కువ పెడుతున్నది, అది ఇంకో రకం నాశనం.

ఒక హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిపోతదా లేదా చూద్దాం" అనే పాత పరీక్ష ఉంది. దయచేసి చేయకండి. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారి ఎగిరి బల్బులు, మీటర్ బోర్డు కాలిపోవచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ కూడా పోవచ్చు.

రేస్ పెంచినా 12.4 దాటడం లేదు. ఆర్‌ఆర్ యూనిట్ మార్చేయాలా?

ఆగండి. ముందు కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింట్లు చూడండి. నా రెండు బ్యాటరీలు పోయింది ఇక్కడే.

మొదటి బ్యాటరీ నాలుగు నెలలకే పడిపోయింది. షాపతను "లోకల్ మాల్ వేసుకున్నవ్ అన్నా" అన్నాడు. మంచి కంపెనీది వేయించుకున్నా, అదీ వర్షాకాలం దాటలేదు. ఒక ఆదివారం విసుగొచ్చి సీటు, సైడ్ ప్యానెల్ విప్పి వైర్ల వెంట చెయ్యి పోనిస్తూ పోతే, స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కప్లర్ దగ్గర వేలికి ప్లాస్టిక్ గరుకుగా తగిలింది. పీకి చూస్తే ఒక పిన్ను నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. మూడు ఫేజుల్లో, అంటే కాయిల్ నుంచి కరెంటు వచ్చే మూడు దారుల్లో, ఒకటి అందడం లేదు. పగలు ఎలాగో నెట్టుకొచ్చింది, రాత్రి హెడ్‌లైట్‌తో తిరిగిన రోజు తెల్లారేసరికి డౌన్. కొత్త కప్లర్, జానెడు వైరు, అంతే ఖర్చు.

కాబట్టి వరుస ఇది: మెయిన్ ఫ్యూజు, స్టేటర్ కప్లర్, ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్, ఆ యూనిట్ నుంచి బ్యాటరీకి పోయే ఎర్ర వైరు, చివరికి ఎర్త్. ఎర్త్ వైరు ఫ్రేమ్‌కు బిగించిన చోట తుప్పు, పెయింట్ ఉంటే గీకి మళ్లీ బిగించండి. కప్లర్‌లో పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. రంగు మారిన పిన్నును మాత్రం శుభ్రం చేసి సరిపెట్టకండి. దాని పట్టు పోయింది, మళ్లీ మాడుతుంది.

కంటికి కనిపించని నష్టాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఇంజిన్ రేస్‌లో ఉండగా మీటర్ ఎర్ర తీగను ఆర్‌ఆర్ యూనిట్ ఎర్ర వైరు వెనక నుంచి గుచ్చి, నల్ల తీగను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. రెండూ ఒకే వైరు కదా, తేడా దాదాపు సున్నా ఉండాలి. 0.3 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో కరెంటు వృథా అవుతున్నది. ఆర్‌ఆర్ యూనిట్ ఎర్త్‌కు, బ్యాటరీ మైనస్‌కు మధ్య కూడా ఇలాగే చూడండి.

కప్లర్లన్నీ బాగున్నాయి. స్టేటర్ కాయిల్ పోయిందో లేదో ఇంజిన్ విప్పకుండా తెలుస్తుందా?

తెలుస్తుంది. మూడు పసుపు వైర్లున్న బండికి చెబుతున్నాను. ఇంజిన్ ఆపి, స్టేటర్ కప్లర్ పీకి, స్టేటర్ వైపు ఉన్న మూడు పిన్నుల మీద పని చేయాలి.

ఓమ్స్ 200 మీద పెట్టి ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ కొలవండి. మూడు అంకెలూ ఒకేలా, చాలా చిన్నగా, ఒక ఓమ్ లోపల ఉంటాయి. అగ్గువ మీటర్‌కు తన తీగల్లోనే 0.3, 0.4 ఓమ్ ఉంటుంది. ముందు రెండు తీగలూ ఆనించి ఆ అంకె చూసుకుని తీసేయండి. తర్వాత ఒక్కో పిన్నుకు, ఇంజిన్ బాడీకి మధ్య చూడండి. ఏమీ చూపించకూడదు. బాడీకి దారి దొరికిందంటే తీగ మీది వార్నిష్ కాలి కాయిల్ ఎర్త్ అయినట్టే.

ఓమ్స్ బాగున్నాయని సంబరపడకండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక షార్ట్ అయ్యే కాయిల్స్ ఉంటాయి. కాబట్టి కప్లర్ పీకి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటర్ ఏసీ 200 మీద పెట్టి మళ్లీ మూడు జతలూ కొలవండి. ఐడ్లింగ్‌లో 15, 20 వోల్టులు, 5000 ఆర్‌పీఎం దగ్గర 50కి పైన వస్తుంటుంది. కచ్చితమైన అంకె బండిని బట్టి మారుతుంది. చూడాల్సింది మూడూ సమానంగా పెరుగుతున్నాయా అన్నది. రెండు జతలు తక్కువ చూపించి ఒకటి మాత్రం సరిగ్గా ఉంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వైరు మీద అనుమానం పెట్టుకోండి. రేస్‌లో 50 వోల్టులు దాటే కరెంటు ఇది, పిన్నులను చేత్తో పట్టుకోవద్దు.

పాత సింగిల్ ఫేజ్ స్ప్లెండర్ లాంటి బండ్లలో కాయిల్ ఒక కొన ఎర్త్‌కే కలిపి ఉంటుంది. అక్కడ బాడీకి దారి దొరకడం లోపం కాదు.

ఆర్‌ఆర్ యూనిట్‌ను ఎలా పరీక్షించాలి?

డయోడ్ గుర్తు మీద మీటర్ పెట్టి, యూనిట్ కప్లర్ పీకి, మీటర్ ఎర్ర తీగ ఒక్కో పసుపు పిన్ను మీద, నల్ల తీగ ప్లస్ అవుట్‌పుట్ పిన్ను మీద. మూడింటికీ 0.4, 0.6 మధ్య రావాలి. తీగలు తిరగేస్తే ఏ దారీ ఉండకూడదు. రెండు వైపులా సున్నా చూపిస్తే డయోడ్ షార్ట్. లోపలి తయారీ వేరైన యూనిట్లకు ఈ పరీక్ష పూర్తిగా నప్పదు. అందుకే నేను చివరికి మిగిలినదాన్ని పట్టుకుంటాను: స్టేటర్ ఏసీ బాగుంది, వైర్లు బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, అయినా 13 దాటడం లేదంటే దోషి ఇదే. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్ బండి ఉంటే దాని యూనిట్ పది నిమిషాలు పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

హెడ్‌లైట్ బల్బులు నెలకోటి పోతున్నాయి. బ్యాటరీ నీళ్లు కూడా త్వరగా తగ్గుతున్నాయి.

మూడో కొలత చూడండి, 15 దాటుతూ ఉండొచ్చు. ఆర్‌ఆర్ యూనిట్ కట్టడి చేయడం మానేసింది, లేదా దాని ఎర్త్ పోయింది. ఎర్త్ చూసి, బాగుంటే యూనిట్ మార్చండి. ఈ స్థితిలో బండి తిప్పితే సీల్డ్ బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి.

కాయిల్ కాలిపోయింది. మళ్లీ కట్టించాలా, కొత్తది వేయాలా?

వరంగల్‌లో వైండింగ్ షాపులకు కొదవలేదు. బోరు మోటార్లు కట్టే చెయ్యి కాయిల్ ప్లేట్ కూడా కడుతుంది. చేతి పని బాగుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ ఇంజిన్ ఆయిల్ తగిలే స్టేటర్‌కు వేడిని, ఆయిల్‌ను తట్టుకునే వార్నిష్, స్లీవులు వాడాలి. ఫ్యాను కాయిల్‌కు వాడే సరుకు అక్కడ నిలవదు. అడగండి, జవాబు తడబడితే కొత్తదే వేయండి. కొత్తది దొరకని పాత మోడల్ అయితే కట్టించడం తప్ప దారి లేదు.

మాగ్నెట్ విప్పడానికి పుల్లర్ వాడమనండి. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలు ఊడొచ్చు. కవర్ ప్యాకింగ్ కొత్తది వేయించండి, లేకపోతే రేపటి నుంచి ఆయిల్ కారుతుంది.

ఆగి ఉన్నప్పుడు పాత బండి హెడ్‌లైట్ గుడ్డిగా ఉంటుంది, రేస్ ఇస్తే వెలుగుతుంది. ఛార్జింగ్ సమస్యేనా?

పాత స్ప్లెండర్ తరహా బండైతే కాదు. వాటిలో హెడ్‌లైట్ స్టేటర్ ఏసీ మీదే నేరుగా వెలుగుతుంది, బ్యాటరీతో దానికి పని లేదు. ఇంజిన్ వేగాన్ని బట్టి వెలుగు. డీసీ లైట్లున్న కొత్త బండిలో అలా జరిగితే మాత్రం మూడు కొలతలూ మొదలుపెట్టండి. ఇక పాత బుల్లెట్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, హెడ్‌లైట్ మీదనే ఆంపియర్ మీటర్ ఉంటుంది. రేస్‌లో ముల్లు ప్లస్ వైపు వాలకపోతే ఆ పొద్దే తెలుస్తుంది.

రోజూ కాజీపేట స్టేషన్ దాకా పోయి, స్టాండ్‌లో పెట్టి, రైలెక్కుతా. ఆర్నెల్లకోసారి బ్యాటరీ డౌన్. ఛార్జింగ్ 14.1 ఉంది మరి?

ఛార్జింగ్ ఉంది, దానికి టైమే లేదు. సెల్ఫ్ కొట్టి ఖర్చు పెట్టింది రెండు మూడు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో తిరిగి నిండదు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ లేదు, స్టార్ట్ చేస్తే లైటు ఖర్చు కూడా మొదలే. కిక్కు ఉంటే చల్లటి ఇంజిన్‌ను కిక్కుతోనే లేపండి. వారానికోసారి ములుగు రోడ్డు మీదో, కరీంనగర్ రోడ్డు మీదో అరగంట నడిపించండి. లేదా నెలకోసారి ఛార్జర్ పెట్టండి. సామర్థ్యంలో పదో వంతు కరెంటు మంచిది: 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీకి 0.8 ఆంపియర్. పెద్ద కారు ఛార్జర్‌కు తగిలించి తొందరపెట్టకండి.

వారం పది రోజులు ఊరికి పోయి వస్తే బ్యాటరీ సున్నా. మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు.

తాళం తీసినా ఏదో కరెంటు తాగుతున్నది. జీపీఎస్, సైరన్ లాక్, హ్యాండిల్ దగ్గర పెట్టిన మొబైల్ ఛార్జర్, వీటిలో ఒకటై ఉంటుంది. లెక్క చూడండి: 50 మిల్లీ ఆంపియర్లు ఏమంత కాదనిపిస్తుంది, 8 ఏహెచ్ బ్యాటరీని 160 గంటల్లో, అంటే వారం తిరక్కుండానే ఊడ్చేస్తుంది.

కొలవాలంటే తాళం ఆఫ్ చేసి, మైనస్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మీటర్ పెట్టాలి. మొదట 10 ఆంపియర్ల సాకెట్‌లో, తక్కువ ఉందని తేలాక మిల్లీ ఆంపియర్లలో. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ ముట్టారో, మీటర్ ఫ్యూజో, మీటరో కాలుతుంది. కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ ఏది పీకితే అంకె పడుతుందో చూడండి. పత్తి ఇంట్లో నిల్వ పెట్టే రోజుల్లో ఎలుకలు కొరికిన వైర్ల వల్ల కూడా ఇలా అవుతుంది, హెడ్‌లైట్ డూమ్ వెనక ఒకసారి చూడండి.

ఫాగ్ లైట్లు వేసుకుంటే ఛార్జింగ్ దెబ్బతింటుందా?

20 వాట్లవి రెండు అంటే 40 వాట్లు, అంటే 3.3 ఆంపియర్లు. చిన్న బండికి ఇది బరువే. వేసుకుని మూడో కొలత మళ్లీ చూడండి, లైట్లన్నీ వెలుగుతూ 13.3 కంటే కిందికి పడితే ఒకటి తీసేయండి. రిలే, విడి ఫ్యూజు లేకుండా హారన్ వైరుకు ముడేసి ఇచ్చేవాళ్లకు బండి అప్పజెప్పకండి.

వరదలో బండి మునిగింది. ఛార్జింగ్ సంగతేంటి?

2023 జులై వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు చాలామంది చేసిన తప్పు, నీళ్లు తీయగానే సెల్ఫ్ కొట్టడం. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ఇంజిన్ ఆయిల్ చాయ్ రంగులోకి వచ్చి ఉంటే మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. కప్లర్లన్నీ పీకి బురద కడిగి ఆరబెట్టి క్లీనర్ కొట్టండి. అప్పటికి బాగానే నడుస్తుంది. చిలుము రెండు మూడు నెలల తర్వాత పడుతుంది, అప్పుడు ఇంకోసారి విప్పి చూడాలి.

ఎండాకాలం బ్యాటరీ ఎందుకు త్వరగా పోతుంది?

వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ తనంతట తానే ఖాళీ అయ్యే వేగం కూడా పెరుగుతుంది. 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపు. రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఎండలో నిలబెట్టిన బండి సంగతి ఊహించుకోండి. నీళ్లు పోసే రకమైతే నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయండి. నల్లా నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు.

మేడారం దారిలో, అడవి మధ్యలో లైటు మసకబారింది. ఏం చేయాలి?

నాకు పస్రా దాటాక ఇదే అయింది. మొదటి నియమం, ఇంజిన్ ఆపకండి. ఫాగ్ లైట్లు, ఫోన్ ఛార్జింగ్ తీసేయండి. పగలైతే హెడ్‌లైట్ ఫ్యూజు కూడా పీకండి, 55 వాట్ల బల్బు ఒక్కటే 4.5 ఆంపియర్లు తింటుంది. రాత్రైతే జనం ఉన్న చోట ఆగడం మేలు.

ఆగిపోతే ఏ బండి అన్నదాన్ని బట్టి. పాత కార్బురేటర్ స్ప్లెండర్ లాంటిది బ్యాటరీ చచ్చినా కిక్కుకు లేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి చాలా బీఎస్ 6 బండ్లలో పెట్రోల్ పంపుకే కరెంటు కావాలి, బ్యాటరీ పూర్తిగా పడితే ఎంత తోసినా చెమటే మిగులుతుంది.

లారీ బ్యాటరీకి వైర్లు తగిలించి జంప్ తీసుకోవచ్చా?

వద్దు. గ్రానైట్ లారీ డ్రైవర్ ఎంత మంచివాడైనా అతని బండిది 24 వోల్టులు. కారు నుంచి తీసుకోవచ్చు, కారు ఇంజిన్ ఆపి ఉంచాలి. ముందు ప్లస్‌కు ప్లస్, తర్వాత కారు మైనస్ నుంచి మీ బండి ఇంజిన్ బాడీకి. స్టార్ట్ అయ్యాక తీసేటప్పుడు మైనస్ ముందు.